మబ్బుల్ని చూసి ముంత ఒలకబోయొద్దు

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన వారం మీ ప్రవాసుల పేజీలో డెట్రాయిట్ టైగర్స్ బేస్‌బాల్ జట్టు గురించి ఒక వ్యాసం వేశారు. టారిక్ స్కూబల్ అనే పిచర్‌ను ఈ చలికాలంలోనే వేరే జట్టుకు ఇచ్చేసి, బదులుగా ముగ్గురో నలుగురో కుర్రాళ్ళను తెచ్చుకోవడం తెలివైన పని అన్నారు. వద్దంటున్న అభిమానులకు లెక్క తెలియదనీ, మనసుతో మాట్లాడుతున్నారనీ రాశారు. నేను వద్దంటున్నవాళ్ళలో ఒకదాన్ని. మనసు సంగతి చివర్లో చెబుతాను, దాచుకోను. కానీ నేను లెక్క వేసుకునే వద్దంటున్నాను. దయచేసి ఆ లెక్క కూడా మీ పాఠకులకు చూపించండి.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాడు పిచర్. స్కూబల్ ఎడమచేతివాటం. అమెరికన్ లీగ్‌లో ఏటా ఒకే ఒక్క పిచర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు 2024లో అతనికే వచ్చింది, 2025లోనూ అతనికే వచ్చింది. మొన్నటి సీజన్‌లో 241 స్ట్రైకౌట్లు చేశాడు, అంటే అన్నిసార్లు బ్యాటర్‌ను బంతి కొట్టనివ్వకుండానే అవుట్ చేశాడు. సగటున తొమ్మిది ఇన్నింగ్స్‌కి 2.21 పరుగులే ఇచ్చాడు. మేజర్ లీగ్‌లో ఆరేళ్ళ సర్వీసు నిండిన ఆటగాడు ఫ్రీ ఏజెంట్ అవుతాడు, తనకు నచ్చిన జట్టుకు వెళ్ళిపోవచ్చు. 2026 సీజన్ అయిపోగానే స్కూబల్‌కు ఆ హక్కు వస్తుంది. అతని తరఫున మాట్లాడే ఏజెంట్ స్కాట్ బోరస్, తన ఆటగాళ్ళను మార్కెట్ దాకా తీసుకెళ్తాడని పేరున్న మనిషి. కాబట్టి మాకు మిగిలింది ఒక్క ఏడాదే కావచ్చు. ఉత్తచేతులతో మిగిలిపోకుండా ఇప్పుడే అమ్మేసి, కింది స్థాయి మైనర్ లీగ్‌లో ఆడుతున్న మంచి కుర్రాళ్ళను తీసుకుందామన్నది ఒక వాదన. రేపు పైకి వస్తారని ఆశ ఉన్న ఈ కుర్రాళ్ళనే ఇక్కడ ప్రాస్పెక్టులు అంటారు.

మా ఇంట్లో ఈ వాదన చేసేది మావాడు. పదిహేడేళ్ళు. పన్నెండో తరగతి. వాడికి స్కూబల్ అంటే నాకంటే ఎక్కువ ఇష్టం, అయినా అమ్మేయమంటాడు. అక్టోబర్ నుంచి రోజూ రాత్రి అన్నాల దగ్గర ఇదే మాట. మా వారు ప్లేటు పట్టుకుని హాల్లోకి వెళ్ళిపోతున్నారు. వాడి లెక్క సూటిగా ఉంటుంది. "అమ్మా, ముగ్గురు కుర్రాళ్ళు వస్తే ఒక్కొక్కరు ఆరేళ్ళు మన దగ్గర ఉంటారు. ఒక్క ఏడాది ఇచ్చి పద్దెనిమిదేళ్ళు తీసుకుంటున్నాం. ఏ షాపువాడు కాదంటాడు?" అంటాడు.

కాదనడం అంత తేలిక కాదని నాకూ తెలుసు. మొదట విన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు.

నేను మిషిగన్‌కు వచ్చింది 1999లో. చాలా ఏళ్ళు ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో నైట్ షిఫ్ట్ చేశాను. రక్తం శాంపిళ్ళు, మెషీన్ల రొద, మూలన చిన్న రేడియో. పడమటి తీరంలో ఆట ఉంటే మాకు రాత్రి పది దాటాక మొదలయ్యేది. రేడియో వ్యాఖ్యాత డాన్ డికర్సన్ గొంతు వింటూనే నేను ఈ ఆట నేర్చుకున్నాను. కళ్ళతో చూడకముందే చెవులతో నేర్చుకున్నాను. అర్థంకాని చోటల్లా చెప్పడానికి మా సీనియర్ టెక్నీషియన్ ఒకాయన ఉండేవాడు. చిన్నప్పటి నుంచి టైగర్స్ అభిమాని. 2003లో మా జట్టు 162 ఆటల్లో 119 ఓడిపోయింది. ఆ ఏడాది కూడా ఆయన ఒక్క రాత్రి రేడియో ఆపలేదు.

ఆయన చెప్పిన కథే ఈ గొడవలో నాకు రోజూ గుర్తొస్తోంది. 1987 ఆగస్టులో టైగర్స్ పైకి ఎగబాకుతున్నారు, ఇంకొక్క పిచర్ కావాలి. అట్లాంటా నుంచి డోయల్ అలెగ్జాండర్‌ను తెచ్చుకున్నారు. ముప్ఫై ఆరేళ్ళ మనిషి. బదులుగా జాన్ స్మోల్ట్జ్ అనే ఇరవై ఏళ్ళ కుర్రాడిని ఇచ్చేశారు. మిషిగన్ పిల్లాడే. డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే చోట, 22వ రౌండులో తీసుకున్నవాడు, ఆ ఏడాది మైనర్ లీగ్‌లో బాగా దెబ్బతింటున్నాడు కూడా. అలెగ్జాండర్ వచ్చి 9 గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. టైగర్స్ తమ డివిజన్‌లో, అంటే లీగ్‌లోని తమ గుంపులో, మొదటి స్థానం గెలిచారు. ఆ తర్వాత స్మోల్ట్జ్ ఏమయ్యాడో బేస్‌బాల్ తెలిసిన వాళ్ళందరికీ తెలుసు: 213 విజయాలు, 154 సేవ్‌లు (చివర్లో వచ్చి గెలుపును కాపాడిన ఆటలు), 1996లో సై యంగ్, 2015లో హాల్ ఆఫ్ ఫేమ్.

డెట్రాయిట్‌లో ట్రేడ్, అంటే ఆటగాళ్ళ మార్పిడి, అన్న మాట వస్తే చాలు, స్మోల్ట్జ్ పేరు పుండు మీద కారంలా పడుతుంది. మావాడు కూడా అదే ఎత్తుతాడు: చూశావా, ప్రాస్పెక్ట్ అంటే ఇదీ అని. అయితే మా సీనియర్‌ను ఒక రాత్రి నేను అడిగాను, ఆ ట్రేడ్‌ను వెనక్కి తిప్పే అవకాశం ఇస్తే తిప్పుతారా అని. ఆయన మాట్లాడకుండా పర్సు తీశాడు. అందులో ప్లాస్టిక్ కవర్లో ఒక టికెట్ ముక్క ఉంది. అంచులు నలిగి, అక్షరాలు సగం వెలిసిపోయి ఉన్నాయి. 1987 అక్టోబర్ 4, టొరంటోతో ఆఖరి ఆట. ఫ్రాంక్ టనానా ఆట మొత్తం తనే విసిరి ఒక్క పరుగూ ఇవ్వలేదు, లారీ హెర్న్‌డన్ కొట్టిన ఒక్క హోమ్ రన్‌తో 1–0 గెలిచారు. ఆయన ఆ రోజు టైగర్ స్టేడియంలో ఉన్నాడు, వాళ్ళ నాన్నతో. ప్లేఆఫ్స్‌లో మిన్నెసోటా చేతిలో ఓడిపోయారు, అలెగ్జాండర్ వేసిన రెండు ఆటలూ పోయాయి, అదీ ఆయనే చెప్పాడు. అయినా తిప్పను అన్నాడు. టికెట్‌ను మళ్ళీ కవర్లో పెట్టి, పర్సులో పెట్టి, సెంట్రిఫ్యూజ్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

అప్పుడు ఆయన మొండివాడనుకున్నాను. ఇప్పుడు ఆయన మాటలో లెక్క కనిపిస్తోంది. ఆ సెప్టెంబర్ నిజంగా జరిగింది. స్మోల్ట్జ్ ఇక్కడే ఉండి ఉంటే అంతటివాడు అయ్యేవాడా? మనం అవునని ఊహించుకుంటున్నాం, అంతే.

ఇక తిరగబడిన కథ. 2017 ఆగస్టు 31. జస్టిన్ వెర్లాండర్ మా జట్టులో పదమూడేళ్ళు ఉన్న పిచర్. 2011లో సై యంగ్‌తో పాటు లీగ్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అవార్డు కూడా ఒకే ఏడాది తెచ్చినవాడు. అర్ధరాత్రి గడువుకు కొన్ని సెకన్ల ముందు అతన్ని హ్యూస్టన్‌కు ఇచ్చేశారు. నేను డ్యూటీలో ఉన్నాను. ఫోన్‌లో చూసి నమ్మలేదు. మర్నాడు పొద్దున ఇంటికి వచ్చేసరికి మావాడు, అప్పటికి తొమ్మిదేళ్ళ వాడు, వెర్లాండర్ పేరున్న టీషర్ట్ వేసుకుని గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. స్కూలుకు అదే వేసుకుని వెళ్తానన్నాడు. వెళ్ళనిచ్చాను.

బదులుగా ముగ్గురు వచ్చారు. ఫ్రాంక్లిన్ పెరెజ్ అనే పందొమ్మిదేళ్ళ పిచర్, డాజ్ కామెరాన్ అనే అవుట్‌ఫీల్డర్, జేక్ రోజర్స్ అనే క్యాచర్. ముగ్గురిలో పెరెజ్ మీదే అందరి ఆశ. వాడే రేపటి వెర్లాండర్ అన్నవాళ్ళూ ఉన్నారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు పెరెజ్‌ను ఏ ఏడాది ఎన్నో నంబర్ పిచర్‌గా దింపాలో కూడా రాసేశారు. పాపం ఆ పిల్లాడి తప్పేమీ లేదు. గాయం మీద గాయం. మేజర్ లీగ్‌లో ఒక్క బంతి కూడా విసరలేకపోయాడు. కామెరాన్ కొన్నాళ్ళు ఆడి వెళ్ళిపోయాడు. రోజర్స్ నిలిచాడు. మంచి క్యాచర్, 2024లో స్కూబల్ బంతుల్ని ఎక్కువగా పట్టింది అతనే. ముగ్గురిలో ఒకడు.

వెర్లాండర్ అక్కడికి వెళ్ళి మొదటి నెలలో వేసిన ఐదు ఆటలూ గెలిచాడు. అక్టోబర్‌లో లీగ్ ఫైనల్ ఎంవీపీ. ఆపైన రెండు లీగ్‌ల విజేతల ఆఖరి పోరు వరల్డ్ సిరీస్ గెలుపు. 2019లో మళ్ళీ సై యంగ్, 2022లో ఇంకోసారి, అదే ఏడాది రెండో వరల్డ్ సిరీస్ ఉంగరం. 2019లో మేము 114 ఆటలు ఓడాం.

ఆ ట్రేడ్ చేసినందుకు నేను ఎవరినీ తప్పుపట్టను, ఈ మాట గట్టిగా చెప్పాలి. అప్పుడు జట్టు కుప్పకూలుతోంది, వెర్లాండర్‌కు ముప్ఫై నాలుగేళ్ళు, పెద్ద కాంట్రాక్టు నెత్తిమీద ఉంది. అమ్మవలసిన సమయంలోనే అమ్మారు. అంత సరైన సమయంలో, అంత పేరున్న కుర్రాళ్ళను తీసుకుంటేనే చేతికి ఒక్క క్యాచర్ మిగిలాడు. సరైన సమయం కానప్పుడు అమ్మితే ఏం మిగులుతుంది?

స్కూబల్ ఎక్కడి నుంచి వచ్చాడో మీ వ్యాసంలో లేదు. అది లేకుండా ప్రాస్పెక్టుల గురించి మాట్లాడటం న్యాయం కాదు. 2017లో 98 ఆటలు ఓడినందుకు 2018 డ్రాఫ్ట్‌లో మాకు మొట్టమొదటి పేరు ఎంచుకునే అవకాశం వచ్చింది. కేసీ మైజ్‌ను తీసుకున్నారు. అదే డ్రాఫ్ట్‌లో తొమ్మిదో రౌండు దాకా ఎవరూ ముట్టుకోని ఒక ఎడమచేతి పిచర్ సియాటిల్ యూనివర్సిటీలో ఉన్నాడు. కాలేజీలో ఉండగానే మోచేతికి టామీ జాన్ ఆపరేషన్ అయింది. అతన్ని 255వ పేరుగా తీసుకున్నారు. ముప్ఫై జట్లూ, మాతో సహా, ఎనిమిది రౌండ్లు వేరేవాళ్ళ పేర్లే పిలిచాయి. మైజ్ కూడా మంచి పిచరే అయ్యాడు, 2025లో ఆల్ స్టార్ ఆటకు వెళ్ళాడు, కానీ దారిలో ఆపరేషన్లు, పోయిన ఏళ్ళు. ఒకటో పేరుకూ 255వ పేరుకూ మధ్య తేడాను ఆ రోజు ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. నేడు వేరే జట్టువాళ్ళు చూపించే జాబితాలో మూడో పేరు ఏమవుతాడో ఎవరు చెబుతారు?

మావాడి దగ్గర ఎదురు ఉదాహరణలు ఉన్నాయి, అవీ గట్టివే. 1998లో సియాటిల్ ర్యాండీ జాన్సన్ అనే పిచర్‌ను హ్యూస్టన్‌కు ఇచ్చేసింది. ఫ్రెడీ గార్సియా, కార్లోస్ గియెన్, జాన్ హలామా వచ్చారు. ముగ్గురూ ఆడారు. 2001లో సియాటిల్ 116 ఆటలు గెలిచినప్పుడు ముగ్గురూ ఆ జట్టులోనే ఉన్నారు. గియెన్ తర్వాత మా దగ్గరికే వచ్చి ఎన్నో ఏళ్ళు ఆడాడు. నాకు ఎంతో ఇష్టమైన ఆటగాడు. 2002లో మా డివిజన్‌లోనే ఉన్న క్లీవ్‌లాండ్, బార్టోలో కొలోన్ అనే పిచర్‌ను మాంట్రియల్‌కు ఇచ్చి క్లిఫ్ లీ, గ్రేడీ సైజ్‌మోర్, బ్రాండన్ ఫిలిప్స్‌ను ఒకే దెబ్బకు తెచ్చుకుంది. క్లిఫ్ లీ 2008లో సై యంగ్ గెలిచాడు. ఇంతకంటే మంచి బేరం నేను వినలేదు.

ఒక ఆదివారం కూర్చుని ఇద్దరం ఆ ఏడాదులు తిరగేశాం. 1998లో సియాటిల్ గెలిచినవి 76, ఓడినవి 85. 2002లో క్లీవ్‌లాండ్ గెలిచినవి 74, ఓడినవి 88. వెర్లాండర్‌ను ఇచ్చిన ఏడాది మేము 64 గెలిచి 98 ఓడాం. అంటే స్టార్ పిచర్‌ను ఇచ్చి ప్రాస్పెక్టులను తీసుకోవడం ఆ ఏడాదికి ఆశ అడుగంటిన జట్లు చేసే పని. వాళ్ళకు పోయేదేమీ లేదు. ముంత ఎలాగూ ఖాళీ, మబ్బుల వైపు చూడటంలో తప్పులేదు. 2025లో టైగర్స్ 87 గెలిచారు. వరుసగా రెండో ఏడాది ప్లేఆఫ్స్‌కు వెళ్ళారు. ఆ రెండేళ్ళకు ముందు తొమ్మిదేళ్ళు ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. మా ముంతలో నీళ్ళున్నాయి సార్. మబ్బులో నీళ్ళు చూసి ముంత ఒలకబోసుకుంటారా?

మావాడు ఈ మాటకు కాసేపు ఆగాడు. తర్వాత అడిగాడు, "మరి సియాటిల్ మీద స్కూబల్ వేసిన రెండు ఆటలూ ఓడిపోయాం కదమ్మా?"

నిజమే. అబద్ధం ఎందుకు. అక్టోబర్‌లో సియాటిల్‌తో ఐదు ఆటల సిరీస్‌లో రెండోదీ ఐదోదీ స్కూబల్ వేశాడు, రెండూ 3–2 తేడాతో పోయాయి. 2024లోనూ క్లీవ్‌లాండ్‌తో ఆఖరి ఆటలో లేన్ థామస్ అతని బంతినే నాలుగు పరుగుల హోమ్ రన్‌గా కొట్టి మమ్మల్ని ఇంటికి పంపాడు. అతను దేవుడని నేను అనట్లేదు. కానీ మొన్నటి ఆ ఐదో ఆటను మేమిద్దరం ఈ సోఫాలోనే కూర్చుని చూశాం, అది ఎలా పోయిందో నాకు బాగా గుర్తుంది. అక్టోబర్ 10, శుక్రవారం. రాత్రి ఎనిమిదికి మొదలైంది. స్కూబల్ ఆరు ఇన్నింగ్స్‌లో 13 మందిని స్ట్రైకౌట్ చేశాడు. మధ్యలో వరుసగా ఏడుగురిని. ఆ ఏడుగురప్పుడు మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు, మా వారు కూడా ల్యాప్‌టాప్ మూసేశారు. కెర్రీ కార్పెంటర్ హోమ్ రన్‌తో మాకు 2–1 ఆధిక్యం వచ్చింది. 99 బంతుల తర్వాత స్కూబల్ దిగిపోయాడు. ఏడో ఇన్నింగ్స్‌లో స్కోరు సమం అయింది. ఆ తర్వాత ఎన్ని ఇన్నింగ్స్! పది, పదకొండు, పన్నెండు. నా చేతిలో కాఫీ కప్పు చల్లారిపోయింది, అది కింద పెట్టాలని కూడా తోచలేదు. పదిహేనో ఇన్నింగ్స్‌లో జోర్గే పోలాంకో కొట్టాడు. టైమ్ చూస్తే ఒంటిగంట దాటింది.

రెండు ఆటల్లో పదమూడు ఇన్నింగ్స్, స్కూబల్ ఇచ్చింది మూడు పరుగులు. మా బ్యాటర్లు ఐదో ఆటలో పదిహేను ఇన్నింగ్స్ ఆడి రెండే చేశారు. ఈ జబ్బుకు మందు బ్యాటర్‌ను తెచ్చుకోవడం. బాగా పనిచేస్తున్న చేతిని తీసి ఇవ్వడం కాదు. ఐదు ఆటల సిరీస్‌లో ఇలాంటి పిచర్ ఒక్కడు ఉంటే రెండు ఆటల్లో ఎదుటివాడికి వణుకు. ముగ్గురు ప్రాస్పెక్టులు కలిసినా ఆ పని వచ్చే అక్టోబర్‌లో చేయలేరు.

గాయం మాట కూడా మీ వ్యాసంలో ఉంది. పిచర్ చెయ్యి గాజు వస్తువు, 2022లో స్కూబల్‌కు మోచేతి దగ్గర స్నాయువుకు మళ్ళీ ఆపరేషన్ అయింది, రేపు ఏమైనా కావచ్చు అన్నారు. కావచ్చు. నాకూ ఆ భయం ఉంది, అతను మౌండ్ (బంతి విసిరే దిబ్బ) మీద ఒక్కసారి భుజం తిప్పుకున్నా నా గుండె ఆగుతుంది. కానీ పెరెజ్ చెయ్యి కూడా అలాంటిదే కదా. గాజుకు గాజే మారకం.

మీ వ్యాసకర్త వాడుకోని ఒక బలమైన ఉదాహరణ ఉంది, దాన్ని నేనే చెబుతాను. మాక్స్ షెర్జర్. 2013లో మా జట్టులోనే సై యంగ్ గెలిచాడు. 2014 మార్చిలో టైగర్స్ పెద్ద ఒప్పందం ముందు పెడితే వద్దన్నాడు. అతని ఏజెంట్ కూడా స్కాట్ బోరసే. జట్టు అతన్ని అమ్మలేదు, ఆ ఏడాదంతా ఉంచుకుంది. అక్టోబర్‌లో బాల్టిమోర్ చేతిలో మూడు ఆటలూ వరుసగా ఓడారు. షెర్జర్ వాషింగ్టన్‌తో 210 మిలియన్ డాలర్లకు సంతకం చేసి వెళ్ళిపోయాడు. పరిహారంగా డ్రాఫ్ట్‌లో ఒక అదనపు పేరు వచ్చింది, ఆ కుర్రాడు మా దగ్గర మూడు సీజన్లు ఆడి వెళ్ళిపోయాడు. అంటే నేను చెప్పినట్టే చేసి చేతులు కాల్చుకున్న జట్టు కూడా మాదే. 2014 చలికాలంలో చాలామంది, ముందే అమ్మి ఉంటే బాగుండేది అన్నారు. నేను కూడా ఒకసారి అన్నాను.

కానీ ఆ 2014 జట్టు 90 ఆటలు గెలిచింది. నాలుగేళ్ళు వరుసగా డివిజన్ మాదే. అప్పటి యజమాని మైక్ ఇలిచ్‌కు వరల్డ్ సిరీస్ గెలవాలని ఒకటే తపన, డబ్బు లెక్క చూసుకోలేదు. గెలవలేకపోయాం. 1984 తర్వాత ఇప్పటి దాకా గెలవలేదు. ఐనా ఆ నాలుగేళ్ళు ఈ ఊరు ఎలా ఉండేదో నేను చూశాను. ల్యాబ్‌లో డాక్టర్లు కూడా రిపోర్టు అడగడానికి ముందు స్కోరు అడిగేవాళ్ళు. తర్వాత వచ్చిన రోజుల్లో ఆ రేడియో పెట్టమని అడిగినవాళ్ళు లేరు.

ఇక మనసు సంగతి. ఈ ఏడాది మే 25, ఆదివారం. మా జట్టు మైదానం కొమెరికా పార్క్‌లో క్లీవ్‌లాండ్‌తో ఆట. మావాడి పుట్టినరోజు కానుకగా టికెట్లు కొన్నాం, మూడో బేస్ వైపు పైవరస. తొమ్మిదో ఇన్నింగ్స్‌కు స్కూబల్ మళ్ళీ బయటికి వచ్చాడు. అప్పటిదాకా మేజర్ లీగ్‌లో అతను ఆట మొత్తం ఒక్కడే పూర్తి చేసింది లేదు. జనం అందరూ లేచి నిలబడ్డారు. నాకు ముందు నిలబడ్డ ఆయన పొడుగు, ఏమీ కనపడట్లేదు. మావాడు నన్ను భుజాలు పట్టుకుని తన ముందుకు జరిపాడు. ఇద్దరు అవుట్. బ్యాటర్ గాబ్రియెల్ అరియాస్. స్కూబల్ ఆ రోజు విసిరిన 94వ బంతి అది. 94 బంతుల తర్వాత చెయ్యి అలిసిపోవాలి, వేగం తగ్గాలి. ఆ బంతి నాకు కనపడలేదు. చెయ్యి కిందికి దిగడం చూశాను, క్యాచర్ గ్లోవ్‌లో చప్పుడు విన్నాను, మధ్యలో ఏమీ లేదు. అరియాస్ బ్యాట్ గాలిలో తిరిగింది. గంటకు 102.6 మైళ్ళు, అంటే 165 కిలోమీటర్లు. పదమూడో స్ట్రైకౌట్. స్కూబల్ పిడికిలి బిగించి అరుస్తున్నాడు. అంతకుముందు అక్టోబర్‌లో ఇదే క్లీవ్‌లాండ్ కదా అతన్ని ఆ ఆఖరి ఆటలో ఓడించింది. మావాడి చేతులు నా భుజాల మీద ఇంకా అలాగే ఉన్నాయి, వణుకుతున్నాయి. పక్కన ఉన్న పెద్దావిడ, నాకు ఎవరో తెలియదు, నన్ను గట్టిగా కావలించుకుంది.

పార్కింగ్ దాకా నడుస్తుంటే మావాడు, ఇలాంటిది మళ్ళీ చూస్తామా అన్నాడు. చూస్తాం అన్నాను.

వచ్చే ఆగస్టు చివర్లో వాడు కాలేజీకి వెళ్ళిపోతాడు. ఎనిమిదేళ్ళ వాడిగా లిటిల్ లీగ్‌లో మొదటి బంతి విసిరినప్పటి నుంచీ మేమిద్దరం కలిసి చూస్తున్న ఆట ఇది. వచ్చే జూన్, వచ్చే జూలై వాడు ఇంట్లో ఉంటాడు. స్కూబల్ కోసం తెచ్చుకునే కుర్రాళ్ళు బాగా ఎదిగితే 2028లోనో 2029లోనో మా మైదానంలో మెరుస్తారు. మెరవాలి, వాళ్ళూ ఎవరి పిల్లలో. ఆ రోజు నేను ఒక్కదాన్నే రేడియో పెట్టుకుని వింటాను. ఇది నా స్వార్థమే. కానీ మిషిగన్‌లో టికెట్ కొని స్టేడియానికి వచ్చే ప్రతి ఇంట్లోనూ ఇలాంటి లెక్క ఒకటి ఉంటుంది. ఈ ఏడాది చూడాల్సిన తాత ఉంటాడు, ఈ ఏడాదే ఊరు వదిలిపోయే పిల్ల ఉంటుంది. మావాడు పద్దెనిమిదేళ్ళు అని లెక్క వేసినప్పుడు వీళ్ళు అందులో లేరు.

నేను మొండిపట్టు పట్టట్లేదు. వేసవిలో ట్రేడ్ గడువు వచ్చేనాటికి టైగర్స్ పది ఆటలు వెనకబడి ఉంటే, అప్పుడు ఇచ్చేయమనండి, నోరెత్తను. 2024 జూలైలో అలాగే చేశారు. జాక్ ఫ్లాహర్టీని లాస్ ఏంజెల్స్‌కు ఇచ్చేసి స్కూబల్‌ను మాత్రం ఉంచుకున్నారు. సీజన్ చివర్లో 44 ఆటల్లో 31 గెలిచి ప్లేఆఫ్స్‌కు వెళ్ళారు. స్కూబల్‌ను ఆ జూలైలో అమ్మేయమన్నవాళ్ళు తక్కువేం కాదు, ఇవే మాటలు.

జూలైలో అమ్మితే ధర పడిపోతుందని మీ వ్యాసకర్త అన్నది నిజం. సీజన్ మధ్యలో చేతులు మారిన ఆటగాడు వెళ్ళిపోతే కొత్త జట్టుకు పరిహారంగా డ్రాఫ్ట్ పేరు దక్కదు. పైగా అతను వాళ్ళకు ఆడేది రెండు నెలలు, ఆపైన ప్లేఆఫ్స్ ఉంటే అవి. ఇప్పుడు నలుగురు వచ్చేచోట అప్పుడు ఇద్దరే రావచ్చు. ఆ ఇద్దరు కుర్రాళ్ళ తేడాను ఏప్రిల్ నుంచి జూలై దాకా ప్రతి ఐదో రోజుకూ ఖరీదుగా కట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మావాడు ఇంకా ఒప్పుకోలేదు. వసంతంలో మొదటి హోమ్ గేమ్‌కు మాత్రం ఇద్దరికీ టికెట్లు కొనమన్నాడు, మళ్ళీ మూడో బేస్ వైపే.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు,
ట్రాయ్, మిషిగన్.
డిసెంబర్ 2025